పెట్టెలోని మెత్త

వస్తువును చేసినవాని నేర్పును లోకము మెచ్చుకొనును. దానిని కొన్నవాని యభిరుచినిగూడ మెచ్చుకొనును. ఈ యిద్దఱి నడుమ మూడవ దొకటి కలదు. దానిని మెచ్చుకొన్నవా రెవ్వరును కానరారు. అది పెట్టెలో వస్తువు చుట్టును కూరిన మెత్త. పెట్టె విప్పినవారు మొట్టమొదట పాఱవేయునది దానినే. అయినను బందరులో చేసిన నగ దూరదేశమున చెక్కుచెదరక చేరుటకును, పాఠశాల ప్రయోగశాలకు వచ్చిన గాజుకుప్పె పగులక యుండుటకును కారణ మాయల్పవస్తువే.

ఈ మెత్తనుగూర్చి నా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను. సరకును కాపాడు మెత్త ప్రయాణము సాగినంతకాలమే యుండవలెను. సరకు చేరినపిదప అది మట్టిలో గలియవలెను. అట్టి మెత్తను కాగితముతోడను పాత అట్టపెట్టెలతోడను చేయు యంత్రములు నేడు వాడుకలోనికి వచ్చినవి. మన కృష్ణాడెల్టా పరిశ్రమలవారు, ముఖ్యముగా బందరు నగల పనివారు, వీనిని నలుగురును కలసి తెప్పించుకొని వాడుట మంచిది. ఎందులకో, ఎంతవఱకో, ఎక్కడ పనికిరావో క్రమముగా విన్నవించెదను.

మొదట మెత్త చేయు పని యేమియో విద్యార్థులు తెలిసికొనవలెను. వస్తువు పడుటవలన పగులదు; పడి యాగుటవలన పగులును. ఆగుట యెంత హఠాత్తుగా జరిగిన దెబ్బ యంత గట్టిగా తగులును. నూఱు సెంటీమీటర్ల యెత్తునుండి పడిన గాజుకుప్పెను నేల ఒక్క మిల్లీమీటరు దూరములో ఆపినచో, దానిపై బడు బలము దాని బరువునకు సుమారు వేయిరెట్లగును. అదే కుప్పె యైదు సెంటీమీటర్ల మెత్తలో క్రమముగా దిగబడి యాగినచో ఆ బలము బరువునకు సుమారు ఇరువదిరెట్లు మాత్రమే. వేయి యెక్కడ, ఇరువది యెక్కడ! మెత్త యొక్క మహిమ యంతయు ఈ లెక్కలోనే యున్నది. ఆగుటకు కొంత దూరమును, కొంత వ్యవధియు నిచ్చుటయే దాని పని.

నలిపిన కాగిత మీపనిని చక్కగా చేయును. చదునైన కాగితము పలుచనిది; దానిలో నేమియు దిగబడదు. దానిని నలిపినచో వేలకొలది మడతలు లేచి, ఒక్కొక్క మడత యొక చిన్న గోడవలె నిలుచును. బరువు పడినపుడు ఆ గోడలు ఒకదాని తరువాత నొకటి వంగి కూలుచు దెబ్బను తమలో నిముడ్చుకొనును. రబ్బరువలె వస్తువును మరల పైకి ఎగురగొట్టవు. ఇంట్లో గాజుగాజులను పాతపత్రికలో చుట్టి పెట్టెలో సర్దు మన తల్లులు ఈ శాస్త్రమును చదువకయే యెఱుగుదురు.

మన పెద్దలకు ఈ పనికి కొదువలేని సాధనము లుండెడివి. డెల్టాలో వరిగడ్డికి లోటు లేదు గదా! గాజుసామాను, పింగాణి, మామిడిపండ్లు గడ్డిపఱుపులపై ప్రయాణము చేసెడివి. కంసాలి తాను చేసిన నగను పలుచని గులాబిరంగు కాగితములో పొట్లము గట్టి యిచ్చును. పెట్టెలో దూది పఱచును. కిరాణాకొట్టువారు పాత వార్తాపత్రికతో క్షణములో పొట్లము చుట్టి పురికొసతో బిగించు నేర్పును మనలో పెద్దవారందఱును చూచియే యుందురు. అవి యన్నియు పని ముగిసినపిదప పశువు నోటికో, పొయ్యిలోనికో, పెంటకుప్పలోనికో పోయెడివి. వాని జాడయే మిగిలెడిది కాదు.

అట్టి గడ్డి యేల వెనుకబడినది? గడ్డిలో పురుగును, తేమయు, దుమ్మును దాగును. వ్యవసాయపు తెగుళ్లకు వెఱచి అనేక దేశములు గడ్డిలో చుట్టిన సరకును తమ రేవులలోనికి రానీయవు. గడ్డి కూరుటకు చేతిపని యెక్కువ. కావున గడ్డికి బదులు మఱియొక వస్తువు రావలసియే యుండెను.

అది మొదట కాగితరూపముననే వచ్చినది. 1856లో ఇంగ్లండులో ఇద్దఱు మనుష్యులు కాగితమును అలలు అలలుగా ముడుచు విధమునకు హక్కుపత్రము పొందిరి. అది సరకులకొఱకు కాదు. పొడవైన టోపీల లోపలి అంచులకొఱకు! 1871లో న్యూయార్కు వాసి యగు ఆల్బర్ట్ జోన్సు అట్టి అలల కాగితమును సీసాలకును దీపపుచిమ్నీలకును చుట్టుటకు ఉపయోగించెను. నేడు మన యంగళ్లలో కనబడు అట్టపెట్టె యా వంశమునకు చెందినదే. అటుపిమ్మట 1957లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగు, మార్క్ షావాన్ అను నిద్దఱు గోడల కంటించు వింత కాగితమును చేయబోయి, రెండు ప్లాస్టికు పొరల నడుమ గాలిబుడగలు చిక్కిన పటలమును చేసిరి. గోడలకు అది యక్కఱకు రాలేదు. పెట్టెలలో మాత్రము జయభేరి మ్రోగించినది. మన పిల్లలు టప్పుటప్పున పగులగొట్టి యానందించు బుడగల కాగిత మిదియే. దానికి తోడు పాలిస్టైరీనును ఉబ్బించి చేసిన తెల్లని థర్మోకోలు వచ్చినది. దానిలో నూటికి తొంబదియైదు పాళ్లకు మించి గాలియే. ఇంత తేలిక, ఇంత చౌక, ఇంత శుభ్రము, నీటికి చెదరనిది! ఇవి గెలిచినవనిన ఆశ్చర్యమేమున్నది? వీనిని కనుగొన్నవారిని నిందించుట కృతఘ్నత యగును.

అయితే ఆ మెత్త కథ పెట్టె విప్పుటతో ముగియుటలేదు. ఇదియే చిక్కు. మూడుదినముల ప్రయాణమునకై చేసిన వస్తువు మూడుతరములు చూచినను నశింపదు. థర్మోకోలు విఱిగి ఆవగింజలంత గుండ్లగును గాని మట్టి కాదు. గాలి కెగురును, నీటిపై తేలును, ఏరుటకు వీలుపడదు. దానిలో బరువు లేదు గావున పాతసామాను కొనువాడుకూడ దానికి పైసా యీయడు.

ఈ చిక్కు లోకమంతటికిని సామాన్యమే యైనను మన సీమకు ఇనుమడించినది. ఏల యనగా, మనము కృష్ణ కొసను నివసించువారము. 1855లో విజయవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైనదాదిగా ఈ డెల్టా కాలువలవలన బ్రదుకుచున్నది. ఆ కాలువలు బియ్యమును తెచ్చినట్లే పైయూళ్ల చెత్తనుగూడ తెచ్చును. బందరుకాలువ యొడ్డున నడచువారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. చదునైన నేలలో మురుగుకోడులకు వాలు స్వల్పము. చిన్న యడ్డు వచ్చినను నీరు వెనుకకు తన్ని వరిచేను మునుగును. దివిసీమలో నాగాయలంక దాటి నదీముఖమునకు పోయినచో మడ అడవులు కలవు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినపిమ్మట, సముద్రమునకును మనకును నడుమ నిలుచు ఆ చెట్ల విలువ యేమియో దివిసీమలో చిన్నపిల్లలుకూడ నెఱుగుదురు. ఆ చెట్ల యూపిరివేళ్ల నడుమ చిక్కుకొను చెత్తలో మన పెట్టెలలోని బుడగల కాగితమును, తెల్లని గుండ్లును చేరుట తగునా? ఆ యిసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్లకు మన పార్సెళ్లతో నేమి సంబంధము?

ఒక్కొక్కరు వేయునది పిడికెడే. "తిలాపాపము తలా పిడికెడు" అని మనవా రూరక యనలేదు.

ప్రభుత్వమువారు 2022 జూలై 1వ తేదీనుండి ఒక్కమాఱు వాడి పాఱవేయు కొన్ని ప్లాస్టికు వస్తువులను దేశమంతటను నిషేధించిరి. అలంకారములకు వాడు థర్మోకోలును, మిఠాయిపెట్టెలపై చుట్టు పలుచని పటలమును ఆ పట్టికలో చేరినవి. కాని సరకుల నడుమ కూరు థర్మోకోలుగాని బుడగల కాగితముగాని ఆ పట్టికలో చేరలేదు. అనగా శాసనము సగముదూరము వచ్చి ఆగినది. తక్కిన సగము వర్తకుల వివేకమునకును కొనువారి వివేకమునకును విడువబడినది.

ఇక యంత్రముల సంగతి. ఇవి ప్రధానముగా మూడు తెఱగులు.

మొదటిది నలుపు యంత్రము. ఒక బల్లపై నిలుచునంత పరిమాణము. ఒక ప్రక్క పొడవైన గోధుమరంగు కాగితపుచుట్ట గాని, మడతలు మడతలుగా పేర్చిన కాగితపుదొంతర గాని యుంచుదురు. యంత్రము కాగితమును లోపలికి లాగి, రెండంచులను నడిమికి ముడిచి, పండ్లచక్రముల నడుమ నలిపి, నడిమిభాగమున నొక్కి కుట్టినట్లు బిగించును. అట్లు బిగించుటచేత మెత్త మరల విప్పుకొనదు. కాలితో మీట నొక్కినంతసేపు మెత్త వచ్చుచునే యుండును. కావలసిన పొడవునకు కత్తి తెగగోయును. 1972లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున స్థాపింపబడిన రాన్‌పాక్ అను సంస్థ ఇట్టి యంత్రములకు పేరుపొందినది.

రెండవది తేనెపట్టు కాగితము. దళసరి కాగితమున వరుసలు వరుసలుగా చిన్న గంట్లు కొట్టియుండును. దానిని చేతితో లాగినచో గంట్లు విచ్చుకొని, తేనెపట్టు గదులవలె నిలువుగా లేచును. పలుచని కాగితము చూచుచుండగనే దళసరి వలయగును. లాగుటకు చిన్న చట్రము చాలును. విద్యుత్తుతో పని లేదు.

మూడవది అట్టను చీల్చు యంత్రము. మన సీమకు మిక్కిలి తగిన దిదియే యని నా నమ్మకము. వాడి పాఱవేసిన అట్టపెట్టెను విప్పి దీని నోట బెట్టినచో, వరుసగా గంట్లుపడిన మెత్తని చాప రెండవ ప్రక్కనుండి వచ్చును. ఆ చాప వలవలె సాగి వస్తువును చుట్టుకొనును. దీనికి క్రొత్త కాగితముతో పనియే లేదు. బందరు కోనేరుసెంటరు చుట్టుపట్ల గాని గుడివాడ బజారులో గాని అంగళ్ల వెనుక ప్రతిదినము పోగుపడు అట్టపెట్టెలే దీనికి మేత.

ఇది యంతయు పగటికల యని కొందఱనవచ్చును. కాదు. అమెజాను అను మహావర్తకసంస్థ భారతదేశమందలి తన గిడ్డంగులలో పార్సెళ్లు కట్టుటయందు ఒక్కమాఱు వాడు ప్లాస్టికును మానితిమని 2020లో ప్రకటించినది. బుడగల కాగితమునకును గాలితిత్తులకును బదులు కాగితపుమెత్తలను పెట్టినది. దినమునకు లెక్కలేనన్ని పార్సెళ్లు పంపువారికి సాధ్యమైన పని దినమునకు ఇరువది పంపువారి కసాధ్య మగునా?

దూరపుమాట యేల? మన యింటి ముంగిటనే యొక సాక్ష్యము కలదు. గుడివాడకు ఉత్తరమున హనుమాన్ జంక్షను వైపు పోయినచో కోళ్లఫారములు కనబడును. మన రాష్ట్రపు కోడిగ్రుడ్లు లారీలలో బంగాళమునకును అస్సామునకును పోవుచున్నవి. అవి యేమిమీద పోవుచున్నవి? బూడిదరంగు కాగితపు గుజ్జుతో పోసిన తట్టలమీద! పాతకాగితమును నీటిలో నానబెట్టి, గుజ్జుచేసి, జల్లెడవంటి అచ్చుపై నీటిని లోనికి పీల్చివేసి, ఆరబెట్టినచో ముప్పది గుంటల తట్ట సిద్ధమగును. కోడిగ్రుడ్డుకంటె సుకుమారమైన సరకేది? గతుకుల బాటలో వేయిమైళ్లు గ్రుడ్డును మోయు కాగితము చెవిజూకాలను మోయలేదా?

ఇపుడు మన పరిశ్రమల నొక్కొక్కటిగా విచారింతము. అన్నిటికిని ఒకే మందు వేయుట వైద్యము గాదు.

బందరునకు ఆనుకొనియున్న చిలకలపూడి పేరు తెలియని తెలుగు స్త్రీ లేదనిన అతిశయోక్తి గాదు. "చిలకలపూడి బంగార" మనునది మన భాషలో నొక నుడికార మైపోయినది. రాగి, యిత్తడి వంటి లోహముపై పలుచని బంగారుపొర నెక్కించి చేయు ఈ నగలపై వేలకొలది కుటుంబములు బ్రదుకుచున్నవి. పోతేపల్లిలో ఈ పనివారికై ప్రత్యేకముగా పార్కు ఏర్పడినది. ఈ నగలు చిన్నవి, తేలికైనవి, వంగునవి, గీచుకొనునవి. ఒక్కొక్కటి చిన్నపెట్టెలో తపాలాద్వారా కొనువాని యింటికే పోవు కాలము వచ్చినది. కాగితపు మెత్త వీనికి తగును. అయితే నొక జాగ్రత్త కావలెను. గోధుమరంగు దళసరి కాగితము గరుకుగా నుండి మెఱుగును గీయవచ్చును. దానిని చేయునపుడు వాడిన గంధకద్రవ్యముల లేశము మిగిలియున్నచో రాగి నల్లబడవచ్చును. కావున నగకు మొదట మన కంసాలి పద్ధతినే పలుచని మెత్తని కాగితము చుట్టి, దానిపైని అట్టచాప చుట్టవలెను. పాతపద్ధతియు క్రొత్తయంత్రమును ఇచ్చట చేయిచేయి కలుపును.

బందరులడ్డు రెండవది. 2017లో దీనికి భౌగోళికగుర్తింపు లభించినది. శనగపిండిని, బెల్లమును, నేతిని కలిపి రోట దంచి చేయు ఈ తొక్కుడులడ్డు చేతిలోనే విఱిగిపోవునంత మెత్తనిది. దీనికి ఆహారమునకు తగిన శుభ్రమైన నేయి పీల్చని కాగితము లోపలను, నలిపిన కాగితము పెట్టెకు వెలుపలి ప్రక్కను ఉండవలెను. అచ్చుపడిన పాతపత్రికలు తినుబండారమును తాకరాదు. అచ్చుసిరాలోని ద్రవ్యములు ఆరోగ్యమునకు హానికరములని దేశపు ఆహారభద్రతాసంస్థవారు 2016లోను 2023లోను హెచ్చరించిరి. పొట్లము పై మమకార మెంత యున్నను ఈ మాట వినక తప్పదు.

పెడన కలంకారివస్త్రము మూడవది. దీనికి మెత్తయే యక్కఱలేదు! గుడ్డ పడిన పగులునా? ఆంగ్లేయులు 1611లో బందరులో వర్తకస్థానము పెట్టిననాడు ఈ తీరపు వస్త్రములు మూటలుగానే ఓడ లెక్కినవి. నేడో, అంగవస్త్ర మొకదానిని పెద్దపెట్టెలో పెట్టి చుట్టును గాలితిత్తులు కూరుట కనబడుచున్నది. పెట్టెను చిన్నది చేసినచో మెత్తయే వలదు. మెత్తలలో నుత్తమమైనది మెత్త లేకుండుటయే యను సూత్రమును మఱువరాదు.

చేపలును రొయ్యలును నాల్గవవి. దివిసీమ రొయ్యకును, కొల్లేటిప్రక్కల చేపకును మంచుతోడి ప్రయాణము తప్పదు. ఇచ్చట థర్మోకోలుపెట్టె దెబ్బను మాత్రమే గాక వేడినిగూడ ఆపుచున్నది, నీటిని మోయుచున్నది. సామాన్యపు కాగితమునకు ఈ పని చేతగాదు. ఇచ్చట కాగితమును నెత్తికెత్తుకొనుట మొండితన మగును. కడిగి మరల మరల వాడదగిన గట్టిపెట్టెలును, ఖాళీపెట్టెలను తిరిగి తెచ్చు నేర్పాటును ఇచ్చటి మందు.

ఇక ఆక్షేపణలు. మొదటిది తేమ. మన గాలిలోనే నీరున్నది. నూటికి తొంబదిపాళ్లు తేమగల గాలిలో అట్టపెట్టె తన బలములో దాదాపు సగమును కోల్పోవును. భాద్రపదపు ముసురులో కాగితపు మెత్త నీరసించుననుట నిజమే. దీనికి సమాధానము కలదు. మెత్తను ముందుగా చేసి రాశులు పోయక, సరకు కట్టునపుడే కావలసినంత చేసికొనవలెను. యంత్రము చేతిలో నుండుట వలన లాభ మిదియే. కాగితపుచుట్టలను నేలపై గాక బల్లలపై నుంచవలెను. వానకాలమున పెట్టెకు నీరు చొఱని పైచుట్టొకటి వేయవలెను. అన్నపు గంపకు మూత వేయువారము అట్టపెట్టెకు మూత వేయలేమా?

రెండవ యాక్షేపణ బరువు. కాగితము బుడగల పటలముకంటె బరువైనది, తపాలాఖర్చు హెచ్చును. ఇది కాదనరాని మాట. కాని బరువు హెచ్చుట కాగితమువలన కొంతయు, అక్కఱలేనంత కూరుటవలన కొంతయు జరుగును. వస్తువునకు సరిపడు పెట్టె నెన్నుకొన్నచో ఆ ఖర్చు చాలవఱకు కలిసివచ్చును.

మూడవది మిక్కిలి బలమైనది: కాగితముకూడ చెట్టును నఱికి, నీటిని పోసి, బొగ్గును మండించి చేసినదే గదా! ప్లాస్టికు పాపము, కాగితము పుణ్యము అనుట పసితనము గాదా? నిజమే, ఈ మాటను నేను శిరసావహించుచున్నాను. మన తీరపు ఇసుకనేలలలో పెరుగు సరుగుడు రాజమహేంద్రవరపు కాగితపుమిల్లునకు పోవుట మన మెఱిగినదే. ఆ చెట్టు ఏండ్లతరబడి పెరిగి ఒక్కదినపు మెత్త యగుట న్యాయము గాదు. కావుననే క్రొత్తకాగితమును నలుపు యంత్రముకంటె పాత అట్టను చీల్చు యంత్రము మన కెక్కువ తగినదని చెప్పితిని. కాగితపు నార అయిదాఱుమాఱులు గుజ్జయి మరల కాగిత మగుటకు ఓర్చును. పుస్తకములు తెచ్చిన పెట్టె, నగను మోసిన చాపయై, కోడిగ్రుడ్ల తట్టయై, తుదకు తోటలో ఎరువై ముగియుట కాగితమునకు గౌరవప్రదమైన జీవితము. ప్లాస్టికున కట్టి ముగింపు లేదు. భేద మచ్చటనే కలదు.

గడ్డిమాటకూడ నొకటి చెప్పవలసియున్నది. కోతయంత్రములు వచ్చినపిమ్మట చేలలో మిగిలిన గడ్డిని కాల్చివేయుట డెల్టాలో పలుచోట్ల కనబడుచున్నది. గడ్డినారతో కాగితమును చేయవచ్చును. వరిగడ్డిలో ఇసుకజాతి ద్రవ్యము హెచ్చుగా నుండుటచే పెద్దమిల్లులకు అది చిక్కు తెచ్చును; కాని వ్రాతకాగితమునకు కావలసిన నునుపును తెలుపును మెత్తకు అక్కఱలేదు గదా! ముతకగుజ్జుతో తట్టలును మూలకట్లును పోయు ప్రయత్నము మన సీమలోని సాంకేతికవిద్యాలయముల విద్యార్థులకు తగిన పని. పొగయై పోవు పైరు పఱుపైనచో రైతునకు నాలుగు డబ్బులు, ఊరికి శుభ్రమైన గాలి.

ఇపుడు చేయదగిన పని యేమి? ఒక్కొక్క నగలపనివాడు ఒక్కొక్క యంత్రమును కొనవలెనని నే ననను. అది వాని శక్తికి మించును. దినమున నాలుగుపెట్టెలు కట్టువానికి యంత్రము పనిలేక తుప్పుపట్టును. పదిమంది కలసి సంఘమై ఒక అట్టచీల్చు యంత్రమును పోతేపల్లిలోనో చిలకలపూడిలోనో నిలిపి, అంగళ్ల అట్టపెట్టెలను కొని, చాపలు చేసి, తూకముచొప్పున పంచుకొనవలెను. నీటితీరువా వంతులు, చెఱువు పూడికలు, రైతుల పరపతిసంఘములు తెలిసిన ఈ సీమవారికి కలసి పనిచేయుట క్రొత్తవిద్య గాదు. ఆ యంత్రమును నడుపువారికి పనియు దొరకును. అట్ట ఏరువారికి ధరయు దొరకును. చేతిపనిని హరించు యంత్రములు కొన్ని కలవు. ఇది యట్టిది గాదు; ఇది చేతిపనివాని సరకును దూరపు కొనువానియొద్దకు చేర్చు యంత్రము. పగిలి తిరిగివచ్చిన యొక్క పెట్టె ఆ పనివాని ఒకదినపు కూలిని తినివేయునని తెలిసినవారు దీనిని తేలికగా త్రోసివేయరు.

బందరు రేవు నిర్మాణము 2023లో ప్రారంభమైనది. రేవులు సరకును పంపును. సరకుతో ఊరి పేరును పంపును. బందరునుండి వచ్చిన పెట్టెను విప్పినవాడు లోపల తెల్లని గుండ్లను చూచి విసుగుకొనునా, శుభ్రమైన అట్టచాపను చూచి సంతసించునా యనునది మన చేతిలో నున్నది.

తలిదండ్రులకు విన్నప మొకటి. ఇంటికి వచ్చిన పెట్టెను చింపి వీధిలో వేయకుడు. విప్పి, చదునుచేసి, దాచి, పాతకాగితములవాని కిండు. తడిసిన అట్ట ఎవరికిని పనికిరాదు గావున చూరుక్రింద నుంచుడు. బుడగల పటలము వచ్చినచో అది మరల పనికివచ్చును. చింపక దాచి, మఱియొక పెట్టెకు వాడుడు. ఉన్న ప్లాస్టికును పదిమాఱులు వాడుటకూడ వివేకమే.

విద్యార్థులారా! మీకొక ప్రయోగము. రెండు సమానమైన పెట్టెలు తీసికొని, ఒకదానిలో గ్రుడ్డు చుట్టును బుడగల పటలమును, రెండవదానిలో నలిపిన కాగితమును కూరి, ఒకే యెత్తునుండి నేలపై వదలుడు. ఎత్తును మెల్లగా పెంచుచు పోయి, ఏది మొదట ఓడునో వ్రాసికొనుడు. పిమ్మట కాగితమును ఒక దినము తడిగాలిలో నుంచి మరల చేయుడు. కాగితమును వదులుగా నలిపిననో గట్టిగా నలిపిననో ఏది మేలో మీరే కనుగొనగలరు. ఉపాధ్యాయుడు చెప్పినదానికంటె పగిలిన గ్రుడ్డు ఎక్కువ బోధించును. లెక్కలు వ్రాసినపిదప పగులని గ్రుడ్లను వంటశాలకు పంపుట మఱువకుడు!

గొప్ప మార్పులు గొప్ప వస్తువులతోనే వచ్చునని భ్రమపడుదుము. నిలువుగా లేచిన కాగితపు మడత యొకటి గాజును కాపాడుచున్నది. అట్లే ఒక చిన్న అలవాటు కాలువను కాపాడగలదు. సరకును కాపాడి, చేరినపిదప మాయమగు మెత్తను మన సీమ పనివారు తమ చేతులతో తామే చేసికొందురు గాక! దివిసీమ తీరమున కెరటములు మన పేరుగల చెత్తను మన కాళ్లయొద్దకే తిరిగి తెచ్చు దుర్దినము తొలగును గాక!